బిళ్ల మీద జాజు గీత

ప్రొద్దుటూరులో నన్ను ఎరిగినవాళ్లు నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వింటారు. బాగా ఎరిగినవాళ్లు ముప్పావు తీసేస్తారు. బెంగళూరులో ఉన్నప్పుడు నేను రాసిన ప్రోగ్రాం ఎంత వేగంగా నడిచేదంటే, మీట నొక్కకముందే జవాబు వచ్చేసేదనీ, కొంచెం మెల్లగా రాయమని మా మేనేజరు నన్ను బతిమాలాడనీ టీ అంగడిలో చెప్పి ఉన్నాను. విన్నవాళ్లు నవ్వారు, టీ కూడా వాళ్లే తాగించారు. ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్ ముందు కూర్చుని, కళ్లు చెడగొట్టుకుని, యాభై దాటీ దాటకముందే పని మానేసి ఇంటి పట్టున ఉన్నవాడికి ఆ మాత్రం వినోదం ఉండాలి కదా.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి ఒకటే అడుగుతారు, మీరు పట్టుకున్న తప్పుల్లో అన్నింటికంటే కష్టమైనది ఏదని. ఒక్క చేయి నడిపే ప్రోగ్రాంలో తప్పు పట్టడం పెద్ద సంగతి కాదు. ఒకే వరుసలో ఇద్దరు ఒకేసారి చేయి పెట్టే చోట వచ్చే తప్పు వేరు. అది వచ్చిపోతుంది, అడుగు జాడ కూడా మిగల్చదు. అలాంటిది ఒకటి నాకు తగిలింది. దాన్ని పట్టుకున్నానని చెప్పుకోవడానికి లేదు. అందుకే ఇందులోంచి మీరు తీసేయాల్సింది ఏమీ ఉండదు.

పులివెందుల బయట ఒక అరటికాయల ప్యాకింగ్ షెడ్డు ఉండేది. రైతులు ట్రాక్టర్లలో గెలలు తెస్తారు. షెడ్డులో వాటిని కోసి, కడిగి, పెట్టెలకెత్తి చల్లటి గదిలోకి పంపుతారు. మా ఎండలు మీకు చెప్పబన్లేదు. బయట నిలబడిన ప్రతి గంటా కాయకు చేటే. పొద్దున పచ్చగా వచ్చిన గెల మధ్యాహ్నం దాటేసరికి వేడెక్కి, లోపలికి పోయినా తిప్పి పంపే సరుకవుతుంది. కాబట్టి ఆ షెడ్డు ముందు వరుస అంటే ఆషామాషీ కాదు. వరుస తప్పితే తల పగిలేది.

ఆ వరుసకు కాపలా ఒక పెద్దాయన. ముద్దనూరు పక్క పల్లె. తాతల నాటినుంచీ గొర్రెల మందలున్న ఇల్లు, ఆయన కాలానికి నాలుగెకరాల మెట్ట చేను కూడా చేరింది. మోకాళ్లు అరిగిపోయి మంద వెంట తిరగలేక షెడ్డు గేటులో కుదిరాడు. అందరూ మామా అనేవాళ్లు. నేనూ అదే పిలుపు అందుకున్నాను.

మామ వెనక గోడకు ఒక మేకు. ఆ మేకుకు యాభై దాకా ఇనుప బిళ్లలు, ఒక్కోదాని మీద ఒక అంకె. ట్రాక్టర్ రాగానే మేకు మీద పైనున్న బిళ్ల తీసి డ్రైవర్ చేతిలో పెడతాడు. వంతు వచ్చి గేటు దాటేటప్పుడు డ్రైవర్ ఆ బిళ్ల తిరిగిచ్చేస్తాడు. అది మళ్లీ మేకు ఎక్కుతుంది, ఆ తర్వాత వచ్చినవాడి చేతికి పోతుంది. ఇంతవరకూ ఎవరైనా చేసేదే. మామ ఇంకొకటి చేసేవాడు. బిళ్ల ఇచ్చేముందు దాని మీద జాజుతో ఒక గీత గీసేవాడు. జాజంటే గోడల అంచులకు పూసే ఎర్రమన్ను. అదే బిళ్ల ఆ రోజే తిరిగొచ్చి ఇంకొకరికి పోతే రెండో గీత. ఇంకోసారి పోతే మూడో గీత. పక్కనున్న నల్లబోర్డు మీద కూడా బిళ్ల అంకె రాసి దాని పక్కన అన్ని గీతలూ గీసేవాడు. మర్నాడు పొద్దున బిళ్లలన్నీ కడిగి మళ్లీ మొదటినుంచి.

నేను అది చూసి బొట్టు అనుకున్నాను. దసరాకు ట్రాక్టర్లకు పెడతారు చూడండి, అలాంటిదేదో అనుకున్నాను. ఎందుకని అడగలేదు.

రాబడి పెరిగి షెడ్డుకు రెండో గేటు తెరిచారు. అక్కడ యజమాని తన బామ్మర్దిని కూర్చోబెట్టాడు. రెండు గేట్లకూ వరుస ఒకటే, గేట్ల మధ్య మాత్రం పెద్ద షెడ్డంత దూరం. మొదటి గేటు దగ్గరున్న నల్లబోర్డు రెండో గేటు నుంచి కనిపించదు. అందుకని కంప్యూటర్ కావాలన్నారు. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి మీద, మేడ గదిలో, నేనూ ఇంకో మిత్రుడూ కలిసి నడిపే ఆఫీసుకు ఆ పని వచ్చింది.

మిత్రుడు నాకంటే పదేళ్లు చిన్న. తిన్నగా ఆలోచించే మనిషి. ఒక గేటు వాళ్లు వరుసలో చేయి పెట్టేటప్పుడు తాళం వేద్దాం, పని అయ్యాక తీద్దాం, అంతే కదన్నా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. బామ్మర్ది తాళం వేసుకుని అన్నానికి పోతే మొదటి గేటు ఆగిపోదా అని అడిగాను. వంద ట్రాక్టర్లకు ఇంత చదువు కావాలా అన్నా అని గొణిగి ఊరుకున్నాడు. నిజం చెప్పాలంటే బామ్మర్ది అన్నం నాకు సాకు. తాళమే లేకుండా ఇద్దరు ఒకే వరుసలో చేయి పెట్టుకోగల కట్టడం ఒకటి బెంగళూరులో చూసి వచ్చాను. దాన్ని నా చేత్తో రాసి చూడాలని ఏళ్లుగా దురద.

నేను రాసింది ఇదీ. గేటు స్క్రీన్ మీద రెండు అంకెలు కనిపిస్తాయి, మళ్లీ మీట నొక్కేదాకా అవి మారవు. వరుసలో ముందున్న బిళ్ల, దాని వెనకున్న బిళ్ల. ఆపరేటర్ మీట నొక్కగానే, ముందున్నది ఇంకా ఆ బిళ్లేనా అని సర్వర్ చూస్తుంది. అవునంటే ఆ ట్రాక్టర్‌ను పిలిచి, వెనకున్న బిళ్లను ముందుకు తెస్తుంది. కాదంటే ఈలోపు అవతలి గేటువాళ్లు పిలిచేశారని అర్థం, అప్పుడు స్క్రీన్ మీద అంకెలు మార్చి మళ్లీ నొక్కమంటుంది. ఎవరూ ఎవరికోసమూ ఆగరు. రాసిన రోజు నేను రెండు బొబ్బట్లు ఎక్కువ తిన్నాను.

షెడ్డులో పెట్టిన మొదటి పూట మామకు నేనే నేర్పించాను. ఆయన మందపాటి వేళ్లతో ఒక్కో అంకే కొట్టాడు, తర్వాత స్క్రీన్ నాలుగు మూలలూ చూశాడు.

“అంకె కొడ్తిని. గీత యాడ కొట్టాల?”

“కంప్యూటర్‌కు బొట్టు పెట్టబన్లే మామా,” అన్నాను.

చుట్టూ ఉన్న డ్రైవర్లు నవ్వారు. మామ కూడా నవ్వినట్టే చేసి, “అది బొట్టు గాదప్పా,” అన్నాడు. మరేమిటని నేను అడగలేదు. ఆ తర్వాత కూడా కొన్ని రోజులు అలవాటు కొద్దీ గీతలు గీస్తూనే ఉన్నాడు. జాజు కింద అంకెలు కనబడటం లేదని బామ్మర్ది ఫిర్యాదు చేస్తే, నేనే బిళ్లలన్నీ తొట్టిలో నానబెట్టించి కొబ్బరి పీచుతో తోమించాను. నల్లబోర్డు కూడా తీయించేశాను.

నెల తిరక్కముందే మొదలైంది. వరుసలో ఉన్న ట్రాక్టర్ వరుసలోంచి పోయేది. ట్రాక్టర్ అక్కడే ఉంటుంది, డ్రైవర్ చేతిలో బిళ్ల ఉంటుంది, కంప్యూటర్‌కు మాత్రం వాడు పుట్టనే లేదు. వెనక వచ్చినవాళ్లు లోపలికి పోతూ ఉంటారు. వారానికి ఒకటో రెండో ఇలా జరిగేవి. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున తోట ఉన్న రైతొకాయన పొద్దున వచ్చి, వెనకోళ్లు పోతుంటే చూస్తూ కూర్చుని, సాయంత్రానికి గెలలన్నీ వేడెక్కి మెత్తబడిపోతే తిరిగి ఇంటికి తోలుకుపోయాడు. మర్నాడు ఒంటరిగా రాలేదు, పదిమందితో వచ్చాడు. యజమాని నాకు ఫోన్ చేశాడు.

ముందు ఆఫీసులోనే పరీక్ష పెట్టాను. రెండు గేట్ల పనీ చేసే చిన్న ప్రోగ్రాం రాసి లక్ష సార్లు తిప్పాను. ఒక్క బిళ్ల కూడా పోలేదు. అడుగడుగూ రాసిపెట్టేలా లాగ్ పెట్టి షెడ్డులో నడిపించాను. లాగ్ ఉన్నన్నాళ్లూ తప్పు రాలేదు. తీసేశాక వచ్చింది, ఆ పదిమందీ మళ్లీ వచ్చారు. లాగ్ రాసే ప్రతిసారీ గేటు స్క్రీన్ మీది అంకెలు కూడా మారుతున్నాయనీ, తప్పును దాచిపెడుతున్నది అదేననీ నాకు తర్వాతెప్పుడో తట్టింది. ఆ రోజు తట్టింది మాత్రం, నా ప్రోగ్రాంలో తప్పు లేదు అని.

నేను పోయేసరికి షెడ్డు ముందు రైతులు, డ్రైవర్లు, యజమాని, బామ్మర్ది, మామ, అందరూ నిలబడి ఉన్నారు. ఏందప్పా కారణం అని యజమాని అందరి ముందే అడిగాడు. నాకు కారణం తెలియదు. తెలియదు అనే మాట నా నోట ఎప్పుడూ వచ్చింది కాదు. మామ చేతులవైపు చూశాను. ఏళ్ల తరబడి గొర్రెలకు ఉన్ని కత్తిరించిన చేతులు, బొటనవేళ్లు బుడిపెల్లా ఉంటాయి. ఆ వేళ్లు చూడగానే కథ దొరికింది.

బెంగళూరులో ఒక గోడౌనులో వాచ్‌మన్ ఒకడు ఉండేవాడన్నాను. గునపం పట్టిన చేయి. వాడు మీట ఒకసారి నొక్కితే కంప్యూటర్‌కు రెండు సార్లు తగిలేది. రెండోసారి తగిలిన లారీ గతి అధోగతే. ఒకసారి వాడు నొక్కబోతూ తుమ్మాడు, పదకొండు లారీలు అస్సాం దారి పట్టాయి. చివరికి వాడి బొటనవేలికి చిన్న ఉన్ని టోపీ కుట్టించి తొడిగాం. చలికాలంలో వాడు దాన్ని మంకీ క్యాపులా మడుచుకునేవాడు. ఇలా చెప్పుకుంటూ పోయాను. కోపంగా వచ్చిన పదిమందీ నవ్వారు. యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక అందరి చూపులూ మామ వేళ్ల మీదికి పోయాయి. అలాంటి వాచ్‌మన్ ఎవడూ లేడు, ఎప్పుడూ లేడు.

మామ ఒక్కడే నవ్వలేదు. “కత శానా బాగుండాదప్పా. నేను మాత్రం రెండు తూర్లు వొత్తలా,” అన్నాడు.

గుంపులోంచి ఎవరో అందుకున్నారు. వేలు మందమో మనసు మందమో, వదిలేసిందేమో జమ్మలమడుగు బండిని, లోపలికి పోయిందేమో ముద్దనూరోళ్ల బండి కదా అని. నా కథలో లేని మాట అది. నా కథ తెరిచిన సందులోంచి వచ్చింది. తన పక్క పల్లెవాళ్లను ముందు పంపడానికి మామ కావాలనే నొక్కాడని పది నిమిషాల్లో ఖాయమైపోయింది. నేను ఆపొచ్చు. ప్యాంటుకు అంటిన అరటి జిగురు గీకుతూ కూర్చున్నాను. యజమాని మామను పక్కకు పిలిచి రేప్పొద్దున్నుంచి రావద్దన్నాడు. మామ మేకు మీదున్న బిళ్లలు సర్ది, తన జాజు డబ్బా సంకలో పెట్టుకుని పోయాడు.

ఆయన పోయాక తప్పులు ఆగాలి కదా. ఆగలేదు. మొదటి గేటులో కొత్త మనిషి, సన్నటి వేళ్లవాడు. ట్రాక్టర్లు అలాగే మాయమవుతున్నాయి. యజమాని ఈసారి ఫోన్లో నవ్వే మనిషిలా మాట్లాడలేదు. నేను పోయి మూడు రోజులు పొద్దున నుంచి సాయంత్రం దాకా షెడ్డులో కూర్చున్నాను. ఒక్కసారి కూడా రాలేదు. ప్రొద్దుటూరు తిరిగొచ్చిన మర్నాడే వచ్చింది. నా మొహం చూస్తే దానికి సిగ్గన్నమాట.

అప్పుడు నాకు బుద్ధి పుట్టింది. నేనుంటే రాదు కాబట్టి నేను లేనట్టు ఉండాలి. జమ్మలమడుగు పోయి, సరుకు పాడైన ఆ రైతునే బతిమాలాను. నీ ట్రాక్టర్ మీద నన్ను తీసుకుపో అన్నాను. నా ప్రోగ్రాం మీద ఆయనకు ఎంత కోపముందో, తమాషా చూద్దామని అంత సరదా కూడా ఉంది. తలకు తువ్వాల చుట్టుకుని, పంచ ఎగ్గట్టి, గెలల మీద కూర్చుని ముద్దనూరు మీదుగా పులివెందుల చేరాను. గేటులో నన్నెవరూ గుర్తుపట్టలేదు. మా ముందు ట్రాక్టర్‌కు ఏడో నంబరు బిళ్ల ఇచ్చారు. మాకు ముప్పై ఒకటి. మా వెనకాయనకు పద్దెనిమిది. ఆయన వెనక వచ్చినాయనకు పన్నెండు.

మా ముందున్నవాళ్లను మొదటి గేటు ఒక్కొక్కరినే పిలుస్తోంది. రెండో గేటు పిలవడం లేదు. తొంగి చూస్తే బామ్మర్ది కుర్చీ ఖాళీ. అన్నానికి ఇంటికి పోయాడన్నారు. అన్నం తర్వాత కాసేపు నడుం వాలుస్తాడట. నేను కాపలా కూర్చున్న ఆ మూడు రోజులూ, బెంగళూరులో పని చేసొచ్చినాయన చూస్తున్నాడని క్యారియర్ సీటు దగ్గరికే తెప్పించుకుని తిన్నాడు. అందుకని నాకు కుర్చీ ఖాళీ అయ్యే సంగతే తెలియదు.

వరుస కరిగి కరిగి ఏడో నంబరు ముందుకొచ్చింది. దాని వెనక మేము. అప్పుడే బామ్మర్ది నోట్లో వక్కాకు నములుతూ వచ్చి కూర్చుని మీట నొక్కాడు. మైకులో ఏడో నంబరు అన్నారు. మా ముందు ట్రాక్టర్ కదిలింది. ఇక మాదే అనుకుని రైతు ఇంజన్ స్టార్ట్ చేశాడు. మైకులో పన్నెండు అన్నారు. ముప్పై ఒకటీ లేదు, పద్దెనిమిదీ లేదు.

రైతు ఇంజన్ ఆపి నావైపు తిరిగాడు. “నువ్వు రాసిన వరసలో నువ్వే లేవు గదప్పా,” అన్నాడు.

నేను చేతిలో ఉన్న బిళ్ల తిప్పి చూశాను. పీచుతో ఎంత తోమించినా అంకె పల్లంలో ఎర్రగా కొంచెం మిగిలింది. జాజు. ఒక గీత ఆనవాలు, దాని పక్కన ఇంకో గీత ఆనవాలు. ఒక గంట సేపు దాన్నే చూశాను.

బామ్మర్ది అన్నానికి లేచేటప్పుడు అతని స్క్రీన్ మీద ముందు ఏడు, వెనక పన్నెండు ఉన్నాయి. అతను తినేలోపు మొదటి గేటు ఆ ఏడునూ పిలిచింది, ఆ పన్నెండునూ పిలిచింది. రెండు బిళ్లలూ మేకు ఎక్కి, కొత్తగా వచ్చిన ట్రాక్టర్ల చేతికి పోయాయి. మేకు మీద చివర వేసిందే ముందు తీస్తారు కాబట్టి ఏ బిళ్లా ఎంతోసేపు మేకు మీద ఉండదు. బామ్మర్ది తిరిగొచ్చి నొక్కేసరికి వరుసలో ముందున్నది మళ్లీ ఏడే, కానీ ట్రాక్టర్ వేరు. సర్వర్ చూసింది. ముందున్నది ఏడేనా? ఏడే. ఏమీ మారలేదన్నమాట. అయితే దాని వెనకున్న పన్నెండును ముందుకు తెద్దాం అనుకుంది. ఆ పన్నెండు ఇప్పుడు పద్దెనిమిదికి వెనక ఉంది. మధ్యలో ఉన్న మేము గాలిలో కలిసిపోయాం. నేను రాసిన పరీక్షలో లక్ష సార్లు తిప్పినా ఈ తప్పు ఎందుకు రాలేదంటే, అందులో ఎవరూ అన్నానికి పోలేదు.

సాయంత్రం ముద్దనూరులో దిగి మామ పల్లెకు పోయాను. ఆయన గొర్రెల దొడ్డి ముందు కూర్చుని ఉన్నాడు. గీతలు ఎందుకు గీసేవాడివి మామా అని అడిగాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు ఎన్ని నెలలు పట్టిందో ఆయన వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. తర్వాత దొడ్డిలోకి చూపించాడు.

“దొడ్లోంచి గొర్రెలను ఒగటొగటే వదుల్తాం. కంచె దూకి మళ్లా ఎనక్కొచ్చేది ఒగటి ఉంటాది. అదే గొర్రె. కానీ పొయ్యొచ్చిన గొర్రె. మొగం సూస్తే తెలీదప్పా. అందుకే ఈపున జాజు పూస్తాం. బిళ్లగూడా అంతే గదా.”

నా చదువు, నా బెంగళూరు, నా లక్ష పరీక్షలు, అన్నీ ఆ నాలుగు ముక్కల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాయి. పాతికేళ్ల కిందటి నుంచీ పుస్తకాల్లో ఉన్న మందు అది. విలువ ఒక్కటే చూడకు, అది ఎన్నోసారి వచ్చిందో కూడా చూడు. ఆయన దగ్గర అది ఒక డబ్బాలో ఉండేది. ఆ డబ్బాను నేనే బయటికి పంపాను.

ఆయన ఏమి పోగొట్టుకున్నాడో కూడా అక్కడే తెలిసింది. షెడ్డు కొలువు గురించి ఆయనకు పెద్ద బాధ లేదు. ఎండాకాలం ఏడెనిమిది ఇళ్ల మందలు ఒకటిగా మేతకు పోతాయి. వానలు పడ్డాక తిరిగొచ్చినప్పుడు అందరి ముందూ విడదీసి లెక్కపెడతారు. ఎవరివి ఎన్ని మిగిలాయో ఆ రోజు తేలాలి. ఆ లెక్క ఇరవై ఏళ్లకు పైగా మామదే. ఆయన నోట వచ్చిన అంకెకు ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు. ఇప్పుడు, గేటులో వరుస తప్పించినోడు అని పేరు పడ్డాక, ఈసారి లెక్క వేరేవాళ్లకు ఇద్దామని పెద్దలు అనుకుంటున్నారు. ఆ మాట చెప్పేటప్పుడు మామ నా మొహం చూడలేదు, దొడ్డిలోకే చూశాడు.

మర్నాడు యజమానితో జరిగింది జరిగినట్టు చెప్పాను. తప్పు నాది, గీత తీసేయించింది నేను, మామ కాదు అన్నాను. ఆయన పూర్తిగా విన్నాడు. “ఇది మొన్న సెప్పినదానికంటే బాగుండాదప్పా,” అన్నాడు. “కానీ నా బామ్మర్ది అన్నం తింటే ట్రాక్టర్లు మాయమైతాయంటే ఊర్లో ఎవురు నమ్ముతారు? ముందు దాన్ని బాగు చేసి పో.”

బాగు చేశాను. ప్రతి బిళ్ల అంకె పక్కన అది ఆ రోజు ఎన్నోసారి బయటికి పోయిందో ఇంకో అంకె పెట్టాను. ఏడు ఒకటి వేరు, ఏడు రెండు వేరు. రాయడానికి అర పూట కూడా పట్టలేదు. ఆ తర్వాత ఒక్క ట్రాక్టర్ కూడా పోలేదు. కంప్యూటర్ ఎంత తెలివైందో చూడండి, బిళ్ల తిరిగొస్తే కనిపెడుతుంది అని బామ్మర్ది వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. మామను మాత్రం ఎవరూ తిరిగి పిలవలేదు. నేను రెండు సార్లు అడిగాను, మూడోసారి అడగలేదు. ఇంకో మూడు షెడ్ల పని మాకు యజమాని చెప్తేనే వచ్చేది.

వానలు పడ్డాక మామ కబురు పెట్టాడు. మందలు తిరిగొచ్చాయి, విడదీసే రోజు వచ్చి ఆ నాలుగు మాటలూ నలుగురి ముందు చెప్పమన్నాడు. కాగితం మీద రాసిస్తానంటే, కాగితం ఎవురు సదువుతారప్పా, నువ్వే రా అన్నాడు. ఆయన నన్ను ఏదైనా అడగడం అదొక్కసారే.

పోయాను. ఆ జమ్మలమడుగు రైతు తన తోట పక్క బీడుకు ఎరువు కోసమని మందను కట్టించుకున్నాడు. లెక్క అక్కడే. చుట్టూ ముళ్ల కంప, మధ్యలో సందు, సందు దగ్గర పెద్దమనుషులు. మామ ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో జాజు డబ్బాతో పక్కన నిలబడ్డాడు.

బస్సులో వస్తూ ఒట్టు పెట్టుకున్నాను, ఒక్క మాట కూడా కలపకూడదని. మొదలు బాగానే పెట్టాను. తప్పు నాది, మామది కాదు అన్నాను. బిళ్లల సంగతి, మేకు సంగతి, గీతలు తోమించిన సంగతి చెప్పాను. వాళ్లు మొహాలు కదపకుండా వింటున్నారు. జీవితంలో నా మాటకు అంత నిశ్శబ్దం ఎప్పుడూ చూడలేదు. అది నమ్మకమో అపనమ్మకమో తెలియలేదు. తువ్వాల చుట్టుకుని గెలల మీద కూర్చున్న చోటికి వచ్చేసరికి వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఆ నవ్వు వినబడితే నా నాలుక నా మాట వినదు.

మూడు దినాలు ఆ ట్రాక్టర్ మీదే ఉండిపోతిని, గెలలన్నీ నా కిందే మాగినాయి, నాలుగో దినం నన్నే పెట్టెలో పెట్టబోయినారు అన్నాను.

అందరూ నవ్వారు. పెద్దమనుషుల్లో అందరికంటే పెద్దాయన కూడా నవ్వాడు. నవ్వులు తగ్గాక రైతు, పాపం ఏ చెడ్డ బుద్ధీ లేకుండానే, ఉన్నమాట అన్నాడు.

“మూడు దినాలు యాడప్పా. ఒగ పూట గదా.”

పెద్దాయన ఆయనవైపు తిరిగి, మిగిలిందైనా నిజమేనా అని అడిగాడు.  పొద్దున పోయిన మాట నిజం, మాపటికి వచ్చిన మాట నిజం, కంప్యూటర్ లోపలి సంగతి నాకేం ఎరుక అన్నాడు రైతు. అంతకంటే ఆయన ఏం చెప్పగలడు. నేను మళ్లీ మొదలుపెట్టబోయాను. అదొక్కటే కలిపాను, మిగిలిందంతా నిజం అన్నాను. ఆ మాటకు ఇంకొంచెం నవ్వారు.

పెద్దాయన నా భుజం మీద చేయి వేశాడు. “బాగా సెప్పినావు నాయనా. నీడన కూసో, నీళ్లు తాగు,” అన్నాడు. లెక్క పెట్టడానికి ఇంకొకాయనను పిలిచాడు. ఆయన ఫోన్ తీశాడు. వేలితో తాకిన ప్రతిసారీ ఒకటి పెరిగే యాప్ ఒకటుందట, జాజూ గీజూ అక్కర్లేదట.

కంప తీశారు. గొర్రెలు ఒకటొకటే సందులోంచి దాటుతున్నాయి. ఫోనాయన వంచిన తల ఎత్తకుండా తాకుతున్నాడు. మామ కంపకు అవతల నిలబడి, పెదవులు మాత్రం కదిలిస్తూ, తనలో తాను లెక్కపెడుతున్నాడు. మంద చివరికి వచ్చేసరికి, అప్పటికే దాటిపోయిన నల్ల మొహం గొర్రె ఒకటి పక్కనున్న కంప మీదుగా లోపలికి దూకి, మిగిలినవాటితో కలిసి మళ్లీ సందులోంచి వచ్చింది. ఫోనాయన వేలు దాన్ని కూడా తాకింది. మామ పెదవులు కదలలేదు.

ఫోనాయన అంకె చెప్పాడు. పెద్దమనుషులు తల ఊపారు. మామ నావైపు చూశాడు. నేను నోరు తెరిచాను, చుట్టూ ఉన్న మొహాలు అప్పటికే నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి, మూసుకున్నాను. మామ జాజు డబ్బాకు మూత పెట్టాడు.